పన్నెండు కణుపులు

ఉదయగిరి బస్టాండు నుంచి కోట కొండ వైపు వెళ్ళే దారిలో, ఎడమ చేతి పక్కన, రెండు గదుల రేకుల ఇల్లు ఒకటి ఉండేది. మెట్ట గ్రామాల శిశు సంఘం ఆఫీసు అదే. అందులో ఇరవై మూడేళ్ళుగా గుమస్తా పని చేస్తున్న డేవిడ్‌రాజును ఆ పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. సంఘం నడిపే బాలవాడీల్లో పిల్లలకు ఉప్మా వండిపెట్టి, ఆటలాడించి, నాలుగు పాటలు నేర్పే ఆయమ్మలంతా ఆయన్ని 'అక్షరాల సారు' అనేవాళ్ళు. ఎదురుగా కాదు లెండి, వెనకాల.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక సెలవు చీటీలో ఎవరో మూడో నెలను ఎనిమిదో నెల చేశారు. మూడు అంకెకు ఎడమ పక్కన రెండు వంకరలు కలిపితే చాలు, బడికి పోని పిల్లలైనా చేయగలరు. చేసినవాళ్ళు హాయిగా ఇంట్లో కూర్చున్నారు, చీవాట్లు మాత్రం డేవిడ్‌రాజు తిన్నాడు. ఆ రోజు నుంచి తన చేతి కింద ఉన్న ఏ రిజిస్టరులోనూ ఆయన నెలకు అంకె వేయలేదు, ఇంకొకరిని వేయనివ్వలేదు. తేదీ అంకెల్లో, నెల అక్షరాల్లో, సంవత్సరం మళ్ళీ అంకెల్లో. మూడూ మూడు వేరు వేరు గడుల్లో. "అంకెనైతే ఎవడన్నా దిద్దేస్తాడు. మార్చిని ఆగస్టు చెయ్యమను, చూద్దాం!" అని అందరి ముందూ సవాలు చేసేవాడు. ఎవరూ ముందుకు రాలేదు. ఎవరికీ అంత తీరిక లేదు మరి.

దిద్దడం ఆయన జబ్బు. పెళ్ళి శుభలేఖ చేతికిస్తే వధూవరుల పేర్లకంటే ముందు తప్పులు చూసేవాడు. చర్చి నోటీసు బోర్డు మీద సుద్దముక్కతో రాసింది వంకరగా ఉంటే ఆరాధన అయ్యేదాకా ఓపిక పట్టి, అవగానే జేబురుమాలుతో తుడిచి మళ్ళీ రాసేవాడు. కూరలో ఉప్పు ఒక పలుకు తక్కువైతే మొదటి ముద్దకే చెప్పేవాడు. ఈ గుణం వల్లే పెళ్ళి కాలేదని చుట్టాలు నవ్వుకునేవాళ్ళు.

అసలు కారణం అది కాదు. సంబంధాలు చూస్తున్న ఏడే ఆయన చెల్లెలు లిదియమ్మ భర్త జ్వరంతో పోయాడు. రెండేళ్ళ కూతురు జెస్సికాను చంకనేసుకుని, ఒక ట్రంకు పెట్టెతో ఆమె అన్న గుమ్మంలో దిగింది. డేవిడ్‌రాజు ఓదార్పు మాటలేమీ చెప్పలేదు, ఆయనకు రావు. ఇంకో నవారు మంచం చేయించి లోపలి గదిలో వేయించాడు. తన పెళ్ళి మాట మళ్ళీ ఎత్తలేదు, ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు.

లిదియమ్మకు మాత్రం అన్న పెట్టే అన్నం గొంతు దిగేది కాదు. మరుసటి ఏడు, 1984లో, సంఘం కొత్తగా బాలవాడీలు తెరిచినప్పుడు ఉదయగిరిలోనే ఒకదాంట్లో ఆయమ్మగా చేరింది. మొదటి జీతం అందిన రోజు బియ్యం మూట కొని, తోపుడు బండి మీద వేయించుకుని వచ్చి ఇంట్లో దించింది. "ఇంక బియ్యం నావి, కూరాకు నీది. సరేనా అన్నా?" అంది. సరేనన్నాడు. పదమూడేళ్ళుగా ఆ ఒప్పందం ఒక్క నెల తప్పలేదు. ఆ మూట మీదే తన చెల్లెలు తలెత్తుకుని బతుకుతోందని డేవిడ్‌రాజుకు బాగా తెలుసు.

1997 వేసవిలో సంఘానికి నిధులిచ్చే పెద్దల దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఉన్న యాభై ఎనిమిది బాలవాడీల్లో ఇక ముప్పై మాత్రమే ఉంటాయి. ఆ ముప్పై మంది ఆయమ్మలకు ఉద్యోగం ఖాయమవుతుంది. మిగతా ఇరవై ఎనిమిదీ మూసేస్తారు. ఎవరు ముందు చేరితే వాళ్ళు ముందు, అంతే, వేరే లెక్క లేదు. జాబితా కంప్యూటరులో తీసి ఫ్లాపీతో సహా పంపాలి. చేత్తో రాసిందీ, టైపు కొట్టిందీ చెల్లదు.

టైపు లోయరూ హయ్యరూ పాసైన డేవిడ్‌రాజుకు ఆ చివరి మాట కాస్త గుచ్చుకుంది. అయినా రిజిస్టరును గుడ్డసంచిలో పెట్టుకుని ఆత్మకూరు బస్సెక్కాడు. అక్కడ బస్టాండు వెనక, మిద్దె మీద, ప్రేమలత అనే ఆవిడ కంప్యూటరు సెంటరు పెట్టి ఏడాదయింది. ముప్పై ఏళ్ళుంటాయి, నిదానస్తురాలు. ఆయన రిజిస్టరు చూసి చదివితే ఆవిడ ఇంగ్లీషులో కొట్టింది. పేరు, ఊరు, సంవత్సరం, నెల, తేదీ. ఒక పూటంతా పట్టింది. ఆఖరున, "ముందు సంవత్సరం చూసి, దాంట్లో నెల చూసి, దాంట్లో తేదీ చూసి వరస పెట్టమని చెప్తా ఉండా సార్" అని ఒక మీట నొక్కింది. రెప్ప వేసి తీసేలోపు యాభై ఎనిమిది పేర్లూ అటూ ఇటూ గెంతి సర్దుకున్నాయి. డేవిడ్‌రాజు నోరు తెరుచుకుని చూశాడు. తాను చేస్తే రెండు గంటల పని.

కాగితం వెడల్పు చాలదని తేదీల గడులు దాచిపెట్టి, వరస నంబరు, పేరు, ఊరు మాత్రమే అచ్చు తీసిందావిడ. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని ముందుగా వెతికింది ఒక్క పేరే. లిదియమ్మ, ఉదయగిరి: ఇరవై ఆరు. జీవితంలో మొదటిసారి ఒక కాగితాన్ని తప్పుల కోసం చదవకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. బస్సెక్కే ముందు పావుకిలో మైసూరుపాకు కొన్నాడు.

ఇంటికొచ్చి ఆ పొట్లం, జాబితా రెండూ చెల్లెలి చేతిలో పెట్టాడు. లిదియమ్మ జాబితా మీద వేలు పెట్టి కిందికీ పైకీ జరిపింది.

"కామమ్మక్క ముప్పై అయిదా?" అంది.

"ఏమో, చూడలే. కంప్యూటరు వేసింది గదా, ఎక్కడుంటే అక్కడ ఉంటుంది."

లిదియమ్మ ఇంకేమీ అడగలేదు. మైసూరుపాకు ఒక ముక్క కొరికి, మిగతాది నెల్లూరు హాస్టల్లో చదువుకుంటున్న జెస్సికాకు పంపాలని డబ్బాలో పెట్టింది. సంతోషం ఎక్కువైతే మాట రాదు కాబోలు అనుకున్నాడు డేవిడ్‌రాజు.

జాబితాను ఆఫీసు గోడకు అంటించిన నాలుగో రోజు కామమ్మ వచ్చింది. దుత్తలూరు అవతల, చెరువు కట్ట కింద పల్లెలో ఆయమ్మ ఆమె. మొగుడు శీనయ్య ఆ చెరువులోనే వల వేసేవాడు, చూపు మందగించి ఇప్పుడు గట్టు మీద కూర్చోవడమే. ఇల్లు నడిచేది ఆమె చేతి మీద. చదువు అంతంతమాత్రం, కానీ ఆమె బాలవాడీలో పిల్లలకు పన్నెండు నెలలూ వరసగా వచ్చు. ఎలా నేర్పిందంటే, బొటనవేలు తీసేస్తే మిగిలినవి నాలుగు వేళ్ళు, వేలికి మూడు కణుపులు. చూపుడు వేలి అడుగు కణుపు జనవరి. అక్కడ మొదలుపెట్టి, బొటనవేలితో ఒక్కొక్క కణుపూ తాకుతూ పోతే చిటికెన వేలి కొసకు డిసెంబరు వస్తుంది. సంఘం ట్రైనింగులో మిగతా ఆయమ్మలంతా ఈ పద్ధతి ఆమె దగ్గరే పట్టుకున్నారు.

కామమ్మ బల్ల ముందు నిలబడి కొంగు సర్దుకుంది.

"సారూ, నాది ముప్పై అయిదంట. నిజమేనా?"

"నిజమే కామమ్మా. కంప్యూటరు వేసిన వరస."

"లిదియమ్మది ఇరవై ఆరంట."

"ఊఁ."

"నేనేం కొట్లాటకు రాలే సారూ. ఒక లెక్క తెగక వచ్చినా. లిదియమ్మ కొత్తగా చేరినప్పుడు ఈ ఆఫీసు వెనకాలే గదా ట్రైనింగు పెట్టినారు. రవ్వ ఉండ కట్టకుండా కలిపేది ఆయమ్మికి నేనే చూపించినా. గరిటె గూడా నాదే, మన ఉదయగిరి చెక్క గరిటె. నేర్పిచ్చిన దానికంటే నేర్చుకున్నది ముందెట్టయింది?" అని, ఎడమ చెయ్యి చాపి బొటనవేలు చూపుడు వేలి కొసన పెట్టింది. "నేను చేరింది మార్చి, ఇక్కడ." బొటనవేలు కణుపు కణుపూ దాటుకుంటూ వెళ్ళి ఉంగరపు వేలి నడిమి కణుపు మీద ఆగింది. "లిదియమ్మది ఆగస్టు, ఈడ. ఈడ ఉండేది ఆడికి ముందెట్ట పోయింది సారూ?"

డేవిడ్‌రాజు రిజిస్టరు తీశాడు. తన చేతి రాతే, ఎక్కడా కొట్టివేత లేదు. 12, మార్చి, 1984: కామమ్మ. 1, ఆగస్టు, 1984: లిదియమ్మ. జాబితా పక్కన పెట్టుకుని ఆ ఏడు చేరిన పద్నాలుగు మందినీ ఒక్కొక్కరినే సరిచూశాడు. ముందు ఏప్రిల్ వాళ్ళు. తరవాత ఆగస్టు వాళ్ళు. తరవాత డిసెంబరు వాళ్ళు. జనవరిలో చేరినావిడ ఎక్కడో ముప్పై రెండులో పడి ఉంది. ఆయన టైపిస్టు, ఇంగ్లీషు అక్షరాల వరస కళ్ళకు కట్టినట్టు కనబడింది. ఏ, ఏ, డీ, ఎఫ్, జే. కంప్యూటరు నెలలను నెలలుగా చూడలేదు, నిఘంటువులో మాటల్లా చూసింది. తాను ఇరవై ఏళ్ళు పట్టుబట్టి అక్షరాల్లో రాయించిన నెలలు.

"నువ్వు పో కామమ్మా. చూస్తాను" అన్నాడు.

ఆమె వెళ్ళాక జాబితాను మళ్ళీ ముందుకు లాక్కుని కూర్చున్నాడు. కామమ్మ పైకి వస్తే ఎవరో కిందికి పోవాలి. ఆ ఎవరో ఎవరని ఆలోచించడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. ఒకరు అడిగారు, చూస్తానన్నాను, చూడకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. కామమ్మ రెండోసారి అడిగే మనిషి కాదు. సరిగ్గా ఆ మాటే ఆయన్ని కుర్చీలోంచి లేపింది.

సంఘం కార్యదర్శి నారాయణయ్య మంచివాడే గానీ, పని ఒకసారి అయిందంటే మళ్ళీ దాని మొహం చూడడు.

"కంప్యూటరు తప్పు చేస్తుందా డేవిడ్‌రాజూ?"

"అది తప్పు చెయ్యలేదండీ. మనం దానికి నెలలు చెప్పలేదు."

"పోనీ నువ్వే చేత్తో వరస మార్చి రాస్తావా? ఒప్పుకోరు. పైగా గుమస్తా తన ఇష్టం వచ్చినట్టు మార్చినాడంటారు. సోమవారం పొద్దున కవరు పోస్టులో పడాల. శనివారం లోపల ఆ మిషనులోనే సరి చేయిస్తే చేయించు, లేకుంటే ఇదే పంపిస్తా." ఆయన గొంతు తగ్గించాడు. "మీ చెల్లెలు ఇరవై ఆరులో ఉండాది. ఆ సంగతి నీకు తెలుసు గదా?"

"తెలుసండీ."

"మరి నీ ఇష్టం."

శనివారం మొదటి బస్సుకు ఆత్మకూరు చేరాడు. ప్రేమలత అప్పుడే తాళం తీసి కుర్చీలు తుడుస్తోంది. సంగతి విని నాలుక కరుచుకుంది. "అయ్యో, నాకు తట్టనే లేదు సార్! నెలల పక్కన అంకెలుంటే సరిపోయేది."

"అంకెలు నేనే వద్దన్నాను గదమ్మా" అన్నాడు డేవిడ్‌రాజు.

యాభై ఎనిమిది వరసల్లోనూ చేత్తో అంకెలు కొట్టేస్తానందావిడ. ఆయన ఒప్పుకోలేదు. చేత్తో కొడితే చేత్తో దిద్దినట్టే. మిషను తానే నెల పేరు చూసి తానే అంకె వేసుకోవాలి, అడిగినవాళ్ళకు చూపించేలా ఉండాలి. అలాంటి ఫార్ములా ఉంటుందని ప్రేమలత విన్నది గానీ ఎప్పుడూ వాడలేదు. సహాయం మీట నొక్కితే తెర మీద ఇంగ్లీషులో పేజీలకు పేజీలు వచ్చాయి. మిషన్ బళ్ళో చదివిన ఇంగ్లీషు డేవిడ్‌రాజుకు అక్కరకొచ్చింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని చదివారు. ఒక పట్టిక కావాలట. మొదటి గడిలో వెతకవలసిన మాట, పక్క గడిలో దానికి బదులు తేవలసింది. ఫార్ములా పేరు వీలుకప్. ప్రేమలత రెండుసార్లు చదివి తల పట్టుకుంది.

డేవిడ్‌రాజు ఎడమ చెయ్యి తన కళ్ళ ముందు చాపుకుని చూశాడు.

"ఇదేనమ్మా పట్టిక" అన్నాడు. "మనకు కణుపులుండాయి, దానికి లేవు. ఒక పక్కన పన్నెండు కణుపులు గీసి ఇద్దాం. ఏ నెల వచ్చినా ఈడికొచ్చి తాకి, ఎన్నో కణుపో చూసుకుని పొమ్మందాం."

ఆవిడకు వెంటనే అర్థమైంది. పన్నెండు నెలల పేర్లూ ఒకదాని కింద ఒకటి, పక్కన ఒకటి నుంచి పన్నెండు దాకా. ఫార్ములా తాను కొడతానని డేవిడ్‌రాజు కుర్చీ జరుపుకున్నాడు. రెమింగ్టన్ టైపు మిషను మీద కొట్టినట్టే మీటలు విరిగేలా కొట్టాడు. గడి పూర్తి కాగానే ఎడమ చెయ్యి అలవాటుగా లేచి, కాగితాన్ని జరిపే, ఇక్కడ లేని క్యారేజీని నెట్టబోయింది. ప్రేమలత నవ్వు ఆపుకుంది.

మొదటి ఫలితం వచ్చాక ఇద్దరి నవ్వూ ఆగిపోయింది. మార్చికి ఎదురుగా ఎనిమిది వేసింది మిషను.

"మళ్ళీ మూడు ఎనిమిదైంది" అని డేవిడ్‌రాజు కుర్చీలో వెనక్కి వాలాడు. ఇరవై ఏళ్ళ కిందటి సెలవు చీటీ గుర్తొచ్చింది. మళ్ళీ ఇంగ్లీషు పేజీలు తిరగేశారు. అప్పుడు తెలిసింది: ఫార్ములా చివర ఒక సున్నా పెట్టాలి. పెట్టకపోతే పట్టిక అక్షర క్రమంలోనే ఉందనుకుని, ఏదో ఒకటి దగ్గరగా ఉన్నది తెచ్చి మొహాన పారేస్తుంది. సున్నా పెడితే అడిగింది అచ్చంగా దొరికేదాకా వెతుకుతుంది. సున్నా పెట్టారు. మార్చికి మూడు వచ్చింది.

మరో ఏడెనిమిది చోట్ల అంకె రాకుండా, దొరకలేదన్న గుర్తు పడింది. చూస్తే ఆ చోట్ల ప్రేమలత తొందరలో నెల పేరు కుదించి కొట్టింది. "మొదటి మూడక్షరాలు చూస్తే చాలు గదా, బిల్లుల మీద రాసినట్టు" అన్నాడాయన. పట్టికలోనూ మూడేసి అక్షరాలే ఉంచి, ఫార్ములాకూ మూడే చూడమని చెప్పారు. గుర్తులన్నీ పోయి అంకెలొచ్చాయి. యాభై ఎనిమిదికి యాభై ఎనిమిది.

"నొక్కమంటారా సార్?"

"నొక్కు."

పేర్లు గెంతాయి. 1984లో జనవరి ముందుకొచ్చింది, తరవాత ఫిబ్రవరి, తరవాత కామమ్మ. ఇరవై అయిదు. ఏప్రిల్ వాళ్ళు ముగ్గురు, జూన్ ఒకరు. జూలై పదహారున చేరిన కలిగిరి ఓబులమ్మ, ముప్పై. దాని కింద, ముప్పై ఒకటి.

"పాపం, ఒక్కదాంట్లో పోయింది. ఎవరు సార్ ఈ లిదియమ్మ?" అంది ప్రేమలత.

"మా చెల్లెలు."

ప్రేమలత మౌసు మీద నుంచి చెయ్యి తీసేసింది. టీ తెస్తానని చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆయన్ని ఒంటరిగా వదలాలని ఆవిడకు ఎందుకు తోచిందో గానీ, మంచి మనసుతోనే వదిలింది.

తెర మీద పక్కగా పన్నెండు వరసల పట్టిక ఉంది. డేవిడ్‌రాజు దాన్నే చూస్తున్నాడు. ఆగస్టు ఎదురుగా ఎనిమిది. అది ఏడైతే? మిషనుకు ఆగస్టూ జూలై ఒకటే నెల అవుతుంది. ఒకటో తేదీ పదహారో తేదీకంటే ముందు. జాబితాలో పేర్లే ఉంటాయి, పట్టిక ఎవరూ చూడరు. ఆయన వేలు దానంతటదే కదిలినట్టు కదిలి, ఏడు కొట్టింది. ప్రేమలత చేయగా చూసిన ప్రకారమే వరస పెట్టాడు.

లిదియమ్మ, ఉదయగిరి: ముప్పై. ఆగస్టు మొదట్లోనే చేరిన ఇంకొకామె కూడా ముందుకు రావడంతో ఓబులమ్మ ముప్పై రెండుకు జారిపోయింది.

ఓబులమ్మ ఎలా ఉంటుందో ఆయనకు గుర్తు రాలేదు. ట్రైనింగుల్లో వెనక వరసలో కూర్చునేది, గట్టిగా మాట్లాడేది కాదు, అంతవరకే. చూసుకునే దిక్కు లేని పేరు మీదే ఎవరైనా చెయ్యి వేస్తారు. ఆ సెలవు చీటీ దిద్దిన మనిషి తననూ ఇలాగే చూసి ఉంటాడు అనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడు చెరిపి ఎనిమిది కొట్టాడు. మళ్ళీ వరస పెట్టాడు. ప్రేమలత టీతో వచ్చేసరికి, "అచ్చు తియ్యమ్మా, తేదీలతో సహా తియ్యి. నెల పేరూ నెల అంకే రెండూ కనపడాల. కాగితం చాలకుంటే అడ్డంగా తియ్యి" అన్నాడు.

ఆ సాయంత్రం చెల్లెలికి చెప్పలేకపోయాడు. బస్సు ఆలస్యమైందన్నాడు, తలనొప్పన్నాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇక తప్పలేదు. కవరు తెల్లవారితే పోస్టులో పడుతుంది. లిదియమ్మ వంటింట్లో వంకాయ కూర కలుపుతోంది. ఆయన గడప దగ్గర నిలబడ్డాడు.

"లిదియా."

"చెప్పన్నా."

ఇరవై మూడేళ్ళు అక్షరాలతోనే బతికిన మనిషి, ఒక్క మాట దొరక్క, ఎడమ చెయ్యి చాపి బొటనవేలు చూపుడు వేలి కొసన పెట్టాడు. "ఇది మార్చి..." అన్నాడు.

లిదియమ్మ గరిటె దించింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని ఆయన చేతి పక్కనే తన చెయ్యి చాపింది. ఆమె బొటనవేలు తిన్నగా ఉంగరపు వేలి నడిమి కణుపు మీదికే వెళ్ళింది.

"ఇది నాది. అది కామమ్మక్కది. రోజూ పిల్లోళ్ళకు చెప్పేదే గదన్నా. నువ్వు మైసూరుపాకు తెచ్చిన పూటే తెలుసు నాకు."

డేవిడ్‌రాజు చాపిన చెయ్యి దించాడు.

"మరి చెప్పలేదేంది?"

"నోటి దాకా వచ్చింది. ఆ మూలనుండే బియ్యం మూట చూస్తే మాట లోపలికే పోయింది. నీ అంతట నువ్వే కనుక్కుంటే బాగుండునని అనుకున్నా. కనుక్కోకుంటే బాగుండునని గూడా అనుకున్నా. వారం రోజులుగా ప్రార్థనలో ఏం అడగాలో తెలవక ఊరికే మోకరించి లేస్తా ఉండా." ఆమె కూర గిన్నె మీద మూత పెట్టింది. "ఎన్నో నంబరు వచ్చింది?"

"ముప్పై ఒకటి."

"ఒక్కటా!" అంది. అని, పొయ్యి వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు ఆయన దాచుకోలేకపోయాడు. "ఎనిమిది చెరిపి ఏడు కొట్టి చూసినాను లిదియా. ముప్పై వచ్చింది నీది. ఇంకొకామె పోయింది. మళ్ళీ ఎనిమిది కొట్టేసినాను."

లిదియమ్మ వెనక్కి తిరిగి అన్న మొహంలోకి చూసింది. శుభలేఖల్లో అక్షరం పొల్లు పోతే ఊరుకోని మనిషి, తన కోసం ఒక అంకె దిద్దాడు. ఆమెకు దుఃఖమూ నవ్వూ కలిసి వచ్చాయి. "అయితే ఒక నిమిషమన్నా ముప్పైలో ఉండినా" అంది. "చాల్లే అన్నా. కామమ్మక్క ఎదురుపడితే తల దించుకుని పోవాల్సిన పని లేదు నాకు. కూర్చో, పొద్దెక్కింది, అన్నం తిందువు."

పీట వేసి, రెండు పళ్ళేలు పెట్టి వడ్డించింది. తానూ ఎదురుగా కూర్చుంది.

"బియ్యం అయిపోవస్తా ఉండాది. ఈసారి నువ్వే తేవాల" అంది, పళ్ళెంలోకి చూస్తూ.

"తెస్తాలే."

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు డేవిడ్‌రాజు. కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది. ఒక పలుకు తక్కువ కాదు, అసలే లేదు. మింగేసి రెండో ముద్ద కలిపాడు. మూడోది కూడా మాట్లాడకుండా తిన్నాడు. పదమూడేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు. లిదియమ్మ ఒక ముద్ద తిని ఆగింది, ఆయన్ని చూసింది, సంగతి తెలిసిపోయింది.

ఉప్పు డబ్బా ఆయన ముందుకు తోసింది. "దిద్దేది నీకే గదా తెలిసింది. ఇది గూడా నువ్వే దిద్దు" అంది.

డేవిడ్‌రాజు మూత తీసి, ముందు చెల్లెలి పళ్ళెంలో, తరవాత తన పళ్ళెంలో ఉప్పు వేశాడు.